ఆ మిగిలిన రెండు శాతం గురించి

తమ్ముడూ,

అణు రియాక్టర్లలో వాడే మిశ్రమ లోహాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా ఉంది. కానీ రియాక్టర్ ఇంధనం నింపే గొట్టాలు చేసే లోహం గురించి రాస్తూ, "జిర్కలాయ్‌లో సుమారు 98 శాతం జిర్కోనియమే, మిగతావి స్వల్పం" అని ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు కథంతా ఆ స్వల్పంలోనే ఉంది.

ఇంధన గొట్టాలకు జిర్కోనియాన్ని ఎంచుకున్నదే, రియాక్టర్ నడవడానికి కావాల్సిన న్యూట్రాన్లను అది చాలా తక్కువగా మింగుతుందని. ఖనిజంలో దాని వెంటే ఉండే హాఫ్నియం సుమారు 600 రెట్లు ఎక్కువ మింగుతుంది. రసాయన గుణాల్లో మాత్రం రెండూ కవలలు, విడదీయడం మహా కష్టం. అందుకే గొట్టాలకు వాడే జిర్కోనియంలో హాఫ్నియం పది లక్షల భాగాల్లో 100 మించకూడదు. న్యూట్రాన్లను బాగా మింగే బోరాన్‌కైతే ఆ హద్దు 0.5 మాత్రమే. ఈ అంకెలు ముందు చెప్పు. కొలత ఎందుకు అంత ముఖ్యమో పాఠకుడికే తెలిసిపోతుంది.

ఇక "ఐసీపీ యంత్రంలో పరీక్షిస్తారు" అన్నావు. కరిగించిన నమూనాను విపరీతంగా వేడిచేసి, అందులోని మూలకాలు వెలువరించే కాంతిని బట్టి ఏది ఎంతుందో చెప్పే యంత్రమది. అంతేనా? యంత్రం దాకా వెళ్ళేలోపే బోలెడు తప్పులు జరగొచ్చు. జిర్కోనియాన్ని కరిగించాలంటే సాధారణంగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కావాలి. అది గాజును తినేస్తుంది. ల్యాబ్‌లో మామూలుగా వాడే గాజు బీకర్లలోనేమో బోరాన్ ఉంటుంది. లోహంలో బోరాన్ వెతకబోయి బీకర్‌లోని బోరాన్‌ని లెక్కపెట్టినట్టవుతుంది! అందుకే టెఫ్లాన్ పాత్రలు వాడతారు. లోహం వేయకుండా ఉత్త ఆమ్లాలతో అదే పనంతా చేసి, వచ్చిన అంకెను తీసివేస్తారు. దాన్నే బ్లాంక్ అంటారు. తొలిరోజుల్లో నేనూ ఒక వ్యాసంలో బ్లాంక్ ఊసే ఎత్తలేదు. "మా పనిలో సగం వదిలేశారు" అని ల్యాబ్‌లో పనిచేసే ఒకావిడ ఉత్తరం రాశారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

యురేనియం మిశ్రమాలది ఇంకో చిక్కు. యురేనియం వెలువరించే కాంతిలో వేల గీతలుంటాయి. మలినాల గీతలు వాటిలో మునిగిపోతాయి కాబట్టి ముందు యురేనియాన్ని వేరుచేస్తారు. దీనికి ఒక పేరా చాలు.

ల్యాబ్‌కి వెళ్ళడానికి టెన్షన్ పడకు. నమూనా దిమ్మెలో ఎక్కడ కోశారో అడుగు, పైనా అడుగునా కూర్పు ఒకేలా ఉండకపోవచ్చు. తెలిసిన కూర్పు ఉన్న ప్రామాణిక నమూనాతో సరిచూశారా అని అడుగు. జిర్కలాయ్‌లో తగరం 1.45 శాతం, అటూ ఇటూ 0.03 అని వాళ్ళు చెబితే, వాక్యం అందం కోసం ఆ "అటూ ఇటూ"ని కొట్టేయకు.

రెండో ప్రతిని హాఫ్నియంతో మొదలుపెట్టి పంపు.

ప్రేమతో,
అక్కయ్య