జేబులో రాయికి ఊరి పేరు రాయండి

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. ఎక్కడికెళ్లినా జేబు నిండా రాళ్లు ఏరుకొస్తాడు. మొన్న చంద్రగిరి దగ్గర బంగారంలా మెరిసే రాయి దొరికితే వాళ్ల అవ్వ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. అది బంగారమేనా? రాళ్ల మ్యూజియం ఎక్కడ చూపించాలి?
- ఒక తల్లి, తిరుపతి

జవాబు: ముందు ఆ రాయిని బయటికి తీయండమ్మా. మెరిసేచోట గుండుసూదితో గీకండి. పలచటి రేకులుగా ఊడొస్తే అభ్రకం, మనవాళ్లు కాకిబంగారం అంటారే, అదే. గ్రానైట్‌లోని నల్ల అభ్రకం ఎండకూ వానకూ నాని బంగారు రంగులో మెరుస్తుంది కాబట్టి నా అనుమానం దానిమీదే. రేకులు రాకపోతే కాఫీ కప్పు బోర్లించి, అడుగున నునుపు లేని తెల్లటి అంచు మీద రాయిని గట్టిగా రుద్దండి. నల్లటి గీత పడితే ఇనుమూ గంధకమూ కలిసిన పైరైట్ కావచ్చు, బంగారమైతే గీత కూడా పసుపే.

మ్యూజియం అంటే, హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ డైనోసార్ అస్థిపంజరం ఉంది, పిల్లలు దాన్ని వదిలి రారు. కోల్‌కతా వెళ్లే వీలుంటే 1814లో మొదలైన ఇండియన్ మ్యూజియంలో ఖనిజాలూ ఉల్కలూ చూపించండి.

కానీ అంత దూరం వెళ్లేలోపు తిరుమల బస్సులో బాబుని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఘాట్ రోడ్డులో కింద 250 కోట్ల ఏళ్లు దాటిన గ్రానైట్, దాని మీద పొరలుపొరలుగా ఇసుకరాయి గట్టిపడి తయారైన, సుమారు 160 కోట్ల ఏళ్ల నగరి క్వార్ట్‌జైట్. రెండూ ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి, మధ్యలో 80 కోట్ల ఏళ్లకు పైగా కాలం మాత్రం కనిపించదు, ఆ కాలంలో రాయి ఏర్పడకపోయి అయినా ఉండాలి, ఏర్పడింది కోతకు గురై కొట్టుకుపోయి అయినా ఉండాలి. దీన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. పైన చక్రతీర్థం దగ్గరి శిలాతోరణం కూడా అలాంటిదే, గాలీ నీరూ తొలిచిన ఆ కమాను వెడల్పు సుమారు 8 మీటర్లు.

మ్యూజియంలో రాయి పేరు కింద అది దొరికిన చోటు కూడా రాసి ఉంటుంది, బాబుకి అది తప్పకుండా చూపించండి. నేను చిన్నప్పుడు ఏరిన రాళ్లు ఒక సీసా నిండా ఉన్నాయి, ఏది ఏ ఊరిదో ఒక్కదానికీ రాసుకోలేదు, ఇప్పుడు వాటిని చూస్తే బాధేస్తుంది. ఒక్కో రాయికి చిన్న నంబరు అంటించి, నోటుబుక్కులో తేదీ, ఊరు, వాగులో దొరికిందా గట్టు మీద దొరికిందా అన్నది వాడి చేతే రాయించండి. మొదటి నంబరు ఆ చంద్రగిరి రాయికే ఇవ్వండి. తిరుమల కొండ మీద మాత్రం రాళ్లు ఏరనివ్వొద్దు, ఫోటో తీసుకుంటే చాలు.