పోలిక సరే, వేరు చూశారా?

మట్టీ మనసూ – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో తోటపనినీ మనసు ఎదుగుదలనూ ముడిపెట్టి అడిగినవే ఎక్కువ. ఆ పోలికతో మాకు పేచీ లేదు. కాకపోతే తోటలో నిజంగా ఏం జరుగుతుందో చూడకుండా పోలిక పెట్టుకుంటే అది తప్పుదారి పట్టిస్తుంది. అందుకని ప్రతి జవాబులోనూ ముందు మొక్క సంగతి, ఆ తర్వాతే మనిషి సంగతి.

ప్రశ్న: వెదురు విత్తనం వేస్తే ఐదేళ్లపాటు నేలమీద ఏమీ కనబడదనీ, ఆ తర్వాత కొద్ది వారాల్లోనే తొంభై అడుగులు లేస్తుందనీ చాలాచోట్ల విన్నాను. ఆ మాట పట్టుకుని నాలుగేళ్లుగా రోజూ ధ్యానం చేస్తున్నాను. చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. ఇంకో ఏడాది ఓపిక పట్టాలా?

జవాబు: కథ వినడానికి బాగుంది గానీ వెదురు అలా పెరగదు. తాజా విత్తనం వేస్తే వారాల్లోనే మొలకెత్తి, గడ్డిపరకలా సన్నగా పైకి వస్తుంది. ఐదేళ్లు నేలమీద ఏమీ కనబడలేదంటే విత్తనం ఎప్పుడో చచ్చిపోయిందన్నమాట. పైగా వెదురు విత్తనం ఎక్కువకాలం నిలవ ఉండే రకం కూడా కాదు.

అసలు జరిగేది ఇంకా బాగుంటుంది. మొదటి ఏడాది వచ్చే మొలక పుల్లంతే. దాని ఆకులు వండిన ఆహారం కొంత నేలలోని దుంపకు చేరుతుంది. ఆ నిలవతో తర్వాతి విడత పిలకలు కాస్త లావుగా, కాస్త పొడుగ్గా వస్తాయి. వాటికి ఆకు ఎక్కువ, కాబట్టి దుంపకు చేరేదీ ఎక్కువ. ఇలా ఏటేటా. నేలలో బలం బాగా చేరాక పుట్టిన పిలక మాత్రం రెండు మూడు నెలల్లోనే పూర్తి ఎత్తు అందుకుంటుంది. కొన్ని పెద్ద జాతుల్లో ఒక్కరోజులోనే 90 సెంటీమీటర్ల దాకా పెరిగిన దాఖలాలున్నాయి. ఇంకో సంగతి: బొంగు నేలలోంచి ఏ లావుతో బయటికి వస్తే బతికినంతకాలం అదే లావు. ఎత్తు కూడా ఆ మొదటి కొద్ది నెలల్లో పెరిగిందే. పాత బొంగు పెద్దదవదు, కొత్తది పెద్దదిగా పుడుతుంది.

కాబట్టి ఐదో ఏడు ఏదో అద్భుతం జరుగుతుందని కాచుకుని కూర్చోకండి. చిన్న పిలకలు వచ్చాయో లేదో చూడండి. మూడు చోట్ల వెతికితే చాలు. కోపం వచ్చాక మామూలు మనిషి కావడానికి ఎంతసేపు పడుతోంది? ఎదుటివాళ్లు చెప్పేది అడ్డు తగలకుండా చివరిదాకా వినగలుగుతున్నారా? తప్పు మీదేనని తెలిశాక ఒప్పుకోవడానికి ఎన్నాళ్లు పడుతోంది? నాలుగేళ్ల కిందటికీ ఇప్పటికీ తేడా ఉందేమో మీతో కలిసి ఉండేవాళ్లను అడగండి, ఈ విషయంలో సొంత సాక్ష్యం పనికిరాదు. కాస్తయినా తేడా ఉందంటే కొనసాగించండి. ఆ కాస్తను ‘ఇదీ ఒక మార్పేనా’ అని తీసిపారేయకండి. తొలి ఏళ్ల సన్న పిలకల్ని నరికేస్తూ పోతే దుంప ఎప్పటికీ బలపడదు. నాలుగేళ్లలో పుల్లంత పిలక కూడా లేదని తేలితే మాత్రం ఇంకో ఏడాది ఓపిక పట్టి లాభం లేదు. పద్ధతి మార్చాలి, లేదా బాగా తెలిసినవారి ఎదుట కూర్చుని ఎలా చేస్తున్నారో చూపించుకోవాలి.

ప్రశ్న: కోపాన్నీ అసూయనూ మనసులోంచి పీకి పారేద్దామని సాధన మొదలుపెట్టాను. కళ్లు మూసుకుని కూర్చుంటే అవే మరింత ఎక్కువగా వస్తున్నాయి. బాగుపడుతున్నానా, చెడిపోతున్నానా?

జవాబు: చెడిపోవడం లేదు. నేల తిరగేసిన ప్రతిచోటా జరిగేదే ఇది. కలుపు విత్తనాలు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రలో ఉంటాయి. వాటిలో చాలావాటికి మొలకెత్తాలంటే వెలుతురు తగలాలి. పార దిగి మట్టి తిరగబడగానే అడుగున ఉన్నవి పైకి వచ్చి గుంపుగా మొలుస్తాయి. ఎన్నేళ్లు ఆగగలవో తెలుసుకోవాలని 1879లో అమెరికాలోని మిషిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రవేత్త కలుపు విత్తనాల్ని ఇసుకతో కలిపి 20 సీసాల్లో నింపి పాతిపెట్టారు. ఏళ్ల ఎడంతో ఒక్కో సీసా తీసి నాటి చూస్తున్నారు. 2021లో తీసిన సీసాలోని విత్తనాల్లో కొన్ని, అంటే 142 ఏళ్ల తర్వాత కూడా మొలకెత్తాయి. మీకు ఇవాళ కనబడుతున్న అసూయ ఇవాళ పుట్టింది కాదు.

దీనికి తోటమాలులు చేసే ఉపాయం ఒకటుంది. మడి సిద్ధం చేశాక వెంటనే ఏమీ నాటరు. తడిపి రెండు వారాలు వదిలేస్తారు. పైపొరలో ఉన్న కలుపంతా మొలుస్తుంది. రెండాకుల దశలో, ఎండ కాస్తున్న రోజు చూసి పైపైన గీకేస్తారు. రెండు సెంటీమీటర్లకు మించి లోతుకు పోరు. లోతుకు పోతే అడుగునున్న కొత్త విత్తనాలు పైకొచ్చి కథ మళ్లీ మొదటికే వస్తుంది. ధ్యానంలో కూర్చున్నప్పుడు చేయాల్సిందీ ఇంతే: ‘అసూయ వచ్చింది’ అని గమనించి ఊపిరి మీదికి తిరిగి రావాలి. ఎందుకొచ్చింది, ఎవరి వల్ల వచ్చింది అని తవ్వుకుంటూ పోవడం ఆ ఇరవై నిమిషాల్లో చేసే పని కాదు.

అయితే కలుపంతా ఒక జాతి కాదు. తుంగ చూడండి. పట్టుకుని లాగితే ఆకు చేతికొస్తుంది, గడ్డ నేలలోనే ఉంటుంది. ఆ గడ్డలు సన్నటి కాడలతో ఒకదానికొకటి గొలుసుకట్టుగా ఉంటాయి. పైదాన్ని తుంచితే కింద నిద్రపోతున్నవాటిని లేపినట్టే. పారతో ముక్కలు చేస్తే గొలుసు తెగి ఒక్కో గడ్డా సొంతంగా మొలుస్తుంది. మడిమీద ఎండాకులు 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరిస్తే విత్తనంతో వచ్చే చిన్న కలుపు చాలావరకు అణుగుతుంది గానీ తుంగకు అది లెక్కలేదు. దాని మొన ప్లాస్టిక్ పట్టానే పొడుచుకుని వస్తుంది. దారులు రెండే. ముళ్లపారతో మట్టి వదులు చేసి గడ్డల్ని గొలుసుతో సహా ఏరేయడం ఒకటి. కొత్త ఆకులు గడ్డను మళ్లీ నింపేలోపే, రెండు వారాలకోసారి తప్పకుండా కోస్తూ, గడ్డలోని నిలవ ఖాళీ అయ్యేదాకా వదలకపోవడం రెండోది. ఒక్క నెల వదిలేస్తే పడ్డ శ్రమంతా పోతుంది.

ఒకే మనిషి మీద, ఒకే విషయానికి, ఏళ్ల తరబడి వస్తున్న కోపం తుంగ జాతిది. మంచి ఆలోచనలు ఎంత మందంగా పరిచినా పొడుచుకుని వస్తుంది. దానికి ధ్యానం చాలదు. కాగితం తీసుకుని, ఆ మనిషి నుంచి మీరు ఏం ఆశించారు, ఏం దక్కలేదు, ఇప్పటికీ ఏం కావాలి అని రాయండి. వీలైతే ఆ మనిషితోనే మాట్లాడండి. వీలుకాకపోతే మానసిక నిపుణుల సాయం తీసుకోండి.

ప్రశ్న: బాధలే ఎరువవుతాయంటారు. నా జీవితంలో జరిగిన ఒక నష్టం పదేళ్లయినా అలాగే ఉంది. ఎప్పటికి ఎరువవుతుంది?

జవాబు: పోగేసినంత మాత్రాన ఏదీ ఎరువవదు. కంపోస్టు కుప్పకు కొన్ని షరతులున్నాయి. పచ్చి చెత్త ఒక పాలైతే ఎండు ఆకులు, కొమ్మల తునకలు రెండు మూడు పాళ్లు (బరువు లెక్క కాదు, బుట్టల లెక్క). గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారకూడదు. పొడవు, వెడల్పు, ఎత్తు తలా ఒక మీటరైనా ఉండాలి, లేకపోతే లోపల వేడి నిలవదు. బాగా సాగుతున్న కుప్ప నడిమధ్యలో 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటుంది. వారానికోసారి లోపలిది బయటికి, బయటిది లోపలికి తిరగేయాలి.

తేడా చేస్తే ముక్కే చెబుతుంది. కుళ్లిన గుడ్డు కంపు వస్తే లోపలికి గాలి ఆడడం లేదు. కళ్లు మండే ఘాటు వస్తే పచ్చిది ఎక్కువైంది, ఎండాకులు కలపాలి. ఏ వాసనా లేక, ఏ మార్పూ లేక పడి ఉంటే అది ఎండిపోయింది. పదేళ్లుగా చెక్కుచెదరని బాధ ఎక్కువగా ఈ మూడో రకమే, ముట్టుకోకుండా పక్కన పెట్టేసింది. నమ్మకమైన ఒక మనిషితో వారానికోసారి, ఒక అరగంట, జరిగింది జరిగినట్టు చెప్పుకోండి. రోజూ వద్దు. కుప్పను రోజూ తిరగేస్తే వేడి పుట్టక ముందే చల్లారిపోతుంది. రోజూ అదే తలుచుకునేవాళ్ల బాధ కరగకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

ఎరువు తయారైందో లేదో చూడడానికి తేలికైన పరీక్ష: కొంచెం తడిపొడిగా ఉన్న ఎరువును కవరులో వేసి గాలి చొరకుండా కట్టి మూడు రోజులుంచండి. విప్పినప్పుడు మట్టి వాసన రావాలి. పులిసిన కంపు వస్తే ఇంకా పచ్చిదే. పచ్చి ఎరువు మొక్కకు వేస్తే, అందులో కుళ్లకుండా మిగిలిన ఎండు చెత్త నేలలోని నత్రజనిని తాను లాగేసుకుంటుంది, మొక్క పసుపు తిరుగుతుంది. తన బాధ ఇంకా అరగకముందే దాన్ని పాఠంగా మార్చి ఇతరులకు సలహాలిచ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. పాలిపోయేది వినేవాళ్లు.

ప్రశ్న: ఉదయం గంట ధ్యానం, సాయంత్రం జపం, ప్రయాణంలో ప్రవచనాలు, పడుకునే ముందు ఆధ్యాత్మిక పుస్తకాలు. ఇంత చేస్తున్నా వాడిపోయినట్టే ఉంటోంది. ఇంకేం చేయాలి?

జవాబు: ఇంకేమీ చేయకూడదు. కుండీ మొక్కల్ని చంపే తప్పుల్లో మొదటి వరసలో ఉండేది నీళ్లు ఎక్కువ పోయడమే. వేళ్లకు నీటితోపాటు గాలి కావాలి. మట్టి సందుల్లో నీరే నిండిపోతే వేళ్లు ఊపిరాడక చస్తాయి, చచ్చిన వేరు నీరు పీల్చలేదు కాబట్టి పైన ఆకు వాడుతుంది. చూసినవాళ్లు దాహమనుకుని ఇంకో చెంబు పోస్తారు. వాడిన మొక్కకు నీళ్లు పోసే ముందు మట్టిలోకి వేలు రెండు కణుపుల లోతు గుచ్చండి. లోపల తడి ఉంటే చెంబు పక్కన పెట్టండి.

మీరూ ఒక రెండు వారాలు ప్రవచనాలు, పుస్తకాలు ఆపేయండి. ధ్యానం ఇరవై నిమిషాలకు తగ్గించండి. ఇప్పటికే విన్నదాంట్లో ఒక్క మాట, ఒక్కటే, రోజువారీ పనిలో వాడి చూడండి. ఇంకో మాట: నిద్ర, ఆకలి, పనిమీద ఆసక్తి రెండు వారాలకు మించి దెబ్బతిని ఉంటే అది సాధనలో లోపం కాకపోవచ్చు, వైద్యుణ్ని కలవండి.

ప్రశ్న: ఉద్యోగం, రెండుచోట్ల సేవాకార్యక్రమాలు, సంగీత సాధన. అన్నీ మంచివే, దేన్నీ వదల్లేను. దేన్ని కత్తిరించాలో ఎలా తెలుస్తుంది?

జవాబు: గులాబీ కత్తిరింపులో ఒక వరస ఉంది. మొదట ఎండిన కొమ్మలు. తర్వాత తెగులు పట్టినవి. వాటిని కోశాక ప్రతిసారీ కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి. మూడోది, ఒకదాన్నొకటి రాసుకుంటున్న కొమ్మలు. మీ చిక్కు ఇక్కడుంది. రెండూ పచ్చగానే ఉంటాయి, కానీ గాలి వీచినప్పుడల్లా రాపిడికి బెరడు లేచి, ఆ గాయంలోంచి తెగులు దిగుతుంది. అప్పుడు మొక్క నడిమధ్యకు వెళ్తున్నదాన్ని తీసి, బయటికి సాగుతున్నదాన్ని ఉంచుతారు. మీ రెండు సేవాకార్యక్రమాల్లో ఏది రెండోదాని సమయాన్ని తింటోందో, దేనికి వెళ్లాలంటే ముందురోజు నుంచే మనసు బిగుసుకుంటుందో చూడండి.

కోత బయటివైపు చూస్తున్న మొగ్గకు అర సెంటీమీటరు పైన, మొగ్గకు ఎదురువైపుకు వాలుగా పడాలి. మరీ ఎత్తున కోస్తే మిగిలిన మోడు ఎండి, ఆ ఎండు కిందికి పాకుతుంది. మరీ దగ్గర కోస్తే మొగ్గే ఎండుతుంది. పూర్తిగా వదలకుండా ‘అప్పుడప్పుడూ వస్తాలెండి’ అని మిగుల్చుకునే బాధ్యతలు ఆ మోడు లాంటివి. ఒకేసారి మూడోవంతుకు మించి కోయొద్దు. నీరు అందక వాడి ఉన్నప్పుడూ, కొత్తగా చోటు మార్చినప్పుడూ అసలు కత్తెర పట్టొద్దు. జబ్బులోనో దుఃఖంలోనో ఉండి అన్నీ వదిలేస్తున్నానని ప్రకటించే నిర్ణయాలను కూడా అందుకే వాయిదా వేయమంటాం.

ప్రశ్న: కూర్చుని ధ్యానం చేయడం నావల్ల కావడం లేదు. తోటపనే ధ్యానమనుకోవచ్చా?

జవాబు: అనుకుంటే సరిపోదు, అలా చేయాలి. జెన్ బౌద్ధ మఠాల్లో ఆకులు ఊడ్వడం, కలుపు తీయడం సాధనలో భాగమే, కానీ అక్కడ పనికి వేళ ఉంటుంది, హద్దు ఉంటుంది. మీరు ఇరవై నిమిషాలు పెట్టుకోండి. ఫోను లోపల వదిలేయండి. పాటలు వద్దు. ఒక్కటే పని ఎంచుకోండి: నీళ్లయితే నీళ్లే, కలుపైతే కలుపే, మధ్యలో ఇంకోటి కనబడినా రేపటికి ఉంచండి. ప్రతి కుండీ దగ్గరా ఒక ఆకు తిప్పి అడుగు చూడండి. పేనుబంక, తెల్లదోమ, నల్లి తొలుత చేరేది అక్కడే. అయిపోయాక నోటుపుస్తకంలో తేదీ వేసి ఒక్క వాక్యం రాయండి. ‘ప్రశాంతంగా అనిపించింది’ అని కాదు, ‘మూడో కుండీలో లేత చిగురు అడుగున పేనుబంక, నీళ్లు కొట్టి కడిగాను’ అని.