అండమాన్‌లో మీ ఆఖరి రోజు గురించి, అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు పంపిన ప్లాన్ కాగితం మీద రాసుకుని రెండుసార్లు చూశాను. మొదటి నాలుగు రోజులూ చక్కగా వేసుకున్నారు, నేను చెప్పేదేమీ లేదు. ఆఖరి రోజే నాకు నచ్చలేదు. శుక్రవారం పొద్దున్న హావ్‌లాక్ దీవిలో స్కూబా డైవింగ్, మధ్యాహ్నం షిప్పు, సాయంత్రం సెల్యులార్ జైలు, రాత్రి అబర్డీన్ బజార్లో షాపింగ్, తర్వాత సర్దుడు, శనివారం పొద్దున్న విమానం. ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో మీ అత్తగారు. అంత రోజు మీలో ఎవరికీ పట్టదమ్మా.

పెదనాన్న ఉద్యోగం పుణ్యమా అని ఇరవై రెండేళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాం. 2018లో హావ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అని, 2024లో ఊరికి శ్రీ విజయపురం అని పేర్లు మార్చారు గానీ నా నోటికి ఇంకా పాత పేర్లే వస్తాయి. చలికాలం వచ్చిందంటే మా ఇంటికి చుట్టాలు. ఎన్ని కుటుంబాల ఆఖరి రోజులు చూశానో లెక్క లేదు. అందరూ సముద్రం దగ్గర ఉండేవారు, ఆ ఇంటి ఇల్లాలు మాత్రం మా హాల్లో సూట్‌కేసుల మధ్య కూర్చుని తడి బట్టలు మడత పెడుతూ ఉండేది. ఇంత రాయడం అందుకే. నువ్వు అలా కూర్చోకూడదు.

ముందు షిప్పు సంగతి. శుక్రవారం కాదు, గురువారం మధ్యాహ్నానికే హావ్‌లాక్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చెయ్యండి. ఒక్క రోజు బీచ్ తగ్గుతుందని అల్లుడుగారు అంటారు, తెలుసు. ఒక డిసెంబరులో మీ మేనమామ వాళ్లు కూడా అలాగే అనుకుని ఆఖరి పూట దాకా అక్కడే ఉన్నారు. రాత్రి గాలి లేచింది. తెల్లారి జెట్టీకి వెళ్తే గేటు వేసి ఉంది, ఆ రోజు పడవలు లేవన్నారు. మర్నాడూ లేవు. విమానం వెళ్లిపోయింది, చంటివాడి పాలపొడి అయిపోయింది, మీ తాతగారి బీపీ మందులు మా ఇంట్లో పెట్టిన పెట్టెలో ఉండిపోయాయి. మీ అత్తయ్య ఫోన్లో ఏడుస్తుంటే మాకు చెయ్యడానికి ఏమీ లేదు, సముద్రం శాంతించాలి అంతే. ఫిబ్రవరిలో సాధారణంగా సముద్రం నెమ్మదిగానే ఉంటుంది. అయినా పడవకీ విమానానికీ మధ్య ఒక పూర్తి రోజు ఖాళీ ఉండాలి. దీని మీద నాతో బేరం పెట్టకు.

స్కూబా కూడా బుధవారానికి జరుపు, మరీ కుదరకపోతే గురువారం పొద్దున్నే. నీళ్ల లోతుకి వెళ్లినప్పుడు ఆ ఒత్తిడికి మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లోకి కరుగుతుంది. పైకొచ్చాక అది ఊపిరితో మెల్లమెల్లగా బయటికి పోవాలి, దానికి గంటలు పడుతుంది. విమానంలో గాలి ఒత్తిడి నేల మీద కంటే తక్కువ. ఈలోపే ఎక్కేస్తే సోడా సీసా మూత తీసినట్టు రక్తంలో బుడగలు లేస్తాయి. కీళ్ల నొప్పులతో మొదలై ప్రాణం మీదికి కూడా రావచ్చు. డైవింగ్‌కీ విమానానికీ మధ్య 18 గంటలు తప్పనిసరి, 24 గంటలు ఉంటే మనశ్శాంతి. ముఖానికి అద్దం పెట్టుకుని పైపైన తేలుతూ చేపల్ని చూసే స్నార్కెలింగ్‌కి ఈ బెంగ లేదు.

షిప్పు ఎక్కే ముందు ఎవరి కడుపూ ఖాళీగా ఉండకూడదు, అలాగని నిండా తినకూడదు. రెండు ఇడ్లీలు చాలు. వాంతుల మాత్ర ముందే వేసుకోవాలి. పిల్లలకి ఎంత ఇవ్వాలో బయల్దేరే ముందే మీ డాక్టర్ని అడుగు.

ఇప్పుడు సర్దుడు. గురువారం రాత్రే పెద్ద సూట్‌కేసులు మూసెయ్యి. శనివారం వేసుకునే బట్టలు ఒక్కొక్కరివి ఒక్కో కవర్లో పెట్టి పైన ఉంచు. శుక్రవారానికి ఒక్క చిన్న బ్యాగు మిగలాలి. పవర్ బ్యాంకులు కింద వేసే సామాన్లో పెట్టనివ్వరు, చేతి బ్యాగులో ఉండాలి. ఎండు కొబ్బరి కొనకు. అది నూనె ఎక్కువున్న సరుకు, తనంతట తానే వేడెక్కుతుందని విమానంలో ఒప్పుకోరు. ఈ సర్దుడు నువ్వొక్కదానివే చెయ్యకు. అల్లుడుగారికి సూట్‌కేసులు అప్పజెప్పు, పెద్దాడి చేత వాడి బట్టలు వాడే మడత పెట్టించు. వంకరగా మడత పెడతాడు, పెట్టనీ.

శుక్రవారం పొద్దున్న కార్బిన్స్ కోవ్ వెళ్లండి. ఊరికి దగ్గర్లో ఉన్న ఇసుక బీచ్ అదే. అక్కడ పొద్దు తొందరగా పొడుస్తుందని నీకు మొదటి రోజే తెలిసిపోతుంది. మన దేశం గడియారం మన కాకినాడ మీదుగా వెళ్లే రేఖని బట్టి నడుస్తుంది, 82.5 డిగ్రీలు. పోర్ట్ బ్లెయిర్ దానికి ఇంకో పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు వేసుకుంటే నలభై నిమిషాలు ముందే తెల్లారాలి కదా. పెద్దాడికి ఈ లెక్క చెప్పు, వాడికి ఇలాంటివి ఇష్టం. ఫిబ్రవరిలో ఆరు కాకముందే ఎండ వస్తుంది, సాయంత్రం ఐదున్నరకల్లా సూర్యుడు మునిగిపోతాడు. మీ రోజంతా ఒక గంట ముందుకి జరుపుకోండి, లేకపోతే హోటల్ టిఫిన్ దగ్గరే వెలుగంతా అయిపోతుంది.

ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. భయపడక్కర్లేదు, కానీ లైఫ్‌గార్డు ఉన్నచోటే, ఉన్నవేళలోనే నీళ్లలోకి దిగండి. హెచ్చరిక బోర్డు ఉన్నచోటా, కాలువ వచ్చి సముద్రంలో కలిసేచోటా వద్దు. చీకటి పడ్డాక అసలు వద్దు.

నువ్వు కూడా దిగాలి. పిల్లల చెప్పులు, టవళ్లు, ఫోన్లు కాపలా కాస్తూ గట్టు మీద నిలబడకు. ఆ రోజు ఫోన్ ఒక్కటి చాలు, అది మీ అత్తగారి ఒళ్లో పెట్టు. ఆవిడకి నీళ్ల అంచున ఒక కుర్చీ వేయించి, పాదాల మీదికి అల వచ్చేలా కూర్చోబెట్టు. దిగమని బలవంతం చెయ్యకు. ఒక అరగంట అలా కూర్చున్నాక ఆవిడే చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంటారు చూడు.

తొమ్మిదిన్నరకి గట్టెక్కండి. ఒంటికి పట్టిన ఇసుక తడిగా ఉండగా తుడిస్తే పోదు, పిల్లల చర్మం ఎర్రబడుతుంది. ఆరనిచ్చి కాస్త టాల్కం పౌడర్ చల్లి చేత్తో దులుపు, జలజలా రాలిపోతుంది. హోటల్‌కి రాగానే తడి బట్టలు మంచినీళ్లలో జాడించి, పొడి టవల్‌లో చుట్టి గట్టిగా పిండి ఆరెయ్యండి. పొద్దున్నే స్నానాలు పెట్టుకోమనడం ఇందుకే, రాత్రికల్లా ఆరిపోతాయి. తడి బట్టలు పెట్టెలో పెడితే బరువుకి బరువు, వాసనకి వాసన.

గవ్వల గురించి గట్టిగా చెప్పాలి. పగడం ముక్క, చచ్చిపోయి తెల్లబడినదైనా సరే, బ్యాగులో ఉండకూడదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం పగడాలకీ వర్తిస్తుంది. ఎయిర్‌పోర్టులో సామాను స్కాన్ చేసేటప్పుడు దొరికిపోతాయి. పిల్లాడు తెచ్చాడు సార్ అంటే ఆ పూట టెన్షన్ తప్పదు. బీచ్‌లో ఏరిన గవ్వలూ అంతే. శుక్రవారం రాత్రి పిల్లల జేబులు, బకెట్లు, చెప్పుల సంచీ అన్నీ వెతుకు. గవ్వల వస్తువులు కావాలంటే సాగరిక అని ప్రభుత్వ ఎంపోరియం ఉంది, అక్కడ కొని బిల్లు చేతి బ్యాగులో పెట్టుకో.

చట్టం ఒకటే కాదమ్మా. మీ మేనమామ కూతురు ఏడేళ్లప్పుడు గోధుమరంగు చారల గవ్వ ఒకటి గౌను జేబులో వేసుకుని మా ఇంటికి తెచ్చేసింది. రాత్రి పడుకున్నాక గరగర చప్పుడు. లైటు వేసి చూస్తే తలగడ అంచు మీద ఆ గవ్వ నడిచిపోతోంది. కింద నుంచి ఎర్రటి సన్న కాళ్లు, ఆవగింజంత కళ్లు. ఖాళీ గవ్వల్లో కాపురముండే పీత అది, హెర్మిట్ క్రాబ్ అంటారు. పెరిగేకొద్దీ పాతది వదిలి పెద్ద గవ్వలోకి మారుతుంది. గవ్వ దొరక్కపోతే దాని మెత్తటి పొట్టకి ఏ కాపలా ఉండదు. పిల్ల భయపడలేదు, దాని ఇల్లు నేనే ఎత్తుకొచ్చేశానా అని ఏడ్చింది. తెల్లారగానే పెదనాన్న స్కూటర్ మీద ఇద్దర్నీ బీచ్‌కి తీసుకెళ్లారు. ఇసుక మీద పెడితే చాలాసేపు కదల్లేదట. అల వెనక్కి వెళ్లాక ఒక కాలు బయటపెట్టింది, తర్వాత ఇంకోటి. మీ పిల్లలకి కథలా ఇది ముందే చెప్పు, ఏరడం వాళ్లే మానేస్తారు.

మధ్యాహ్నం పప్పు, పెరుగన్నం లాంటివి తినండి. చేపలు, రొయ్యలు, పీతలు అన్నీ గురువారం లోపు కానివ్వండి, ప్రయాణం ముందు రోజు పిల్లల కడుపుతో ప్రయోగాలొద్దు. తిన్నాక రెండు గంటలు అందరూ పడుకోండి. టూర్‌కొచ్చి నిద్రేమిటి అనుకోకు, ఆ నిద్రే సాయంత్రాన్ని కాపాడుతుంది.

మూడున్నరకి సెల్యులార్ జైలు. మూసే వేళ పొద్దున్నే హోటల్లో అడిగి ఉంచుకో. 1906లో పూర్తయినప్పుడు ఏడు వరసలు, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక వరస గదుల ముఖం పక్క వరస వీపు వైపు ఉంటుంది, ఒక ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనపడకూడదని అలా కట్టారు. చిన్నదాన్ని ఆ కొట్లలోకి తీసుకెళ్లకు, బయట రావిచెట్టు దగ్గర మీ అత్తగారితో ఉంచు. పెద్దాణ్ణి మాత్రం ఒక గదిలో నిలబెట్టి ఆ ఎత్తయిన చిన్న కిటికీ చూపించు. కాకినాడ బాంబు కేసులో శిక్ష పడి మన ప్రతివాది భయంకరాచారి గారు ఈ జైలుకే వచ్చారని చెప్పు. పొద్దున్న గడియారం లెక్కలో విన్న ఊరే అని వాడికి గుర్తొస్తుంది. సౌండ్ అండ్ లైట్ షో ఈసారికి వదిలెయ్. చిడియా టాపు సూర్యాస్తమయం కూడా వదిలెయ్, బాగుంటుంది గానీ దూరం, చీకట్లో తిరిగి రావాలి. అలా వదలడం కష్టమే, డబ్బు పెట్టి వచ్చాం కదా అనిపిస్తుంది. అయినా వదిలెయ్.

బదులుగా మెరీనా పార్క్ దగ్గర గట్టు మీద కూర్చోండి. ఎదురుగా రాస్ దీవి (ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అంటున్నారు), అటు పక్క నార్త్ బే లైట్‌హౌస్. ఈ ఉత్తరంలో పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు ఒకటి పెట్టాను. దాని వెనక ఉన్న కొబ్బరిచెట్లు, సముద్రం, లైట్‌హౌస్ అక్కడివే. ఆ బొమ్మ మౌంట్ హారియట్ (ఇప్పుడు మౌంట్ మణిపూర్) కొండ మీద నుంచి చూసినట్టు ఉంటుంది కాబట్టి పార్కు నుంచి చూస్తే సరిగ్గా కుదరదు. నోట్లో ఉన్న లైట్‌హౌస్ ఎదురుగా ఎక్కడుందో పెద్దాణ్ణే వెతుక్కోనివ్వు, నువ్వు వేలు పెట్టి చూపించకు. నోటు మాత్రం జాగ్రత్త, పెదనాన్న పర్సులో దొరికింది.

అక్కడ కూర్చున్నప్పుడు ఒక్కొక్కరినీ ఒకటి అడుగు, ఇన్ని రోజుల్లో నీకేది బాగా నచ్చిందని. మీ అత్తగారిని కూడా అడుగు. పెద్దవాళ్లని ఎవరూ అడగరు.

రాత్రి హోటల్ బిల్లు కట్టేసి, గది ఎన్నింటికి ఖాళీ చెయ్యాలో కనుక్కోండి. కొన్నిచోట్ల ఎనిమిదింటికే ఇచ్చెయ్యమంటారు. ఆధార్ కార్డులు, టికెట్ ప్రింట్లు ఒకే పర్సులో పెట్టు. ఇన్ని రోజులు మిమ్మల్ని తిప్పిన డ్రైవరుకి ఇచ్చేది కవర్లో పెట్టి చిన్నదాని చేత ఇప్పించు. ఎయిర్‌పోర్టు ఊరికి దగ్గరే, అయినా రెండు గంటలు ముందు వెళ్లండి. విమానం దిగేటప్పుడు చిన్నదానికి చెవులు నొప్పెడతాయి, అప్పుడు తాగడానికి ఏదైనా చేతిలో ఉంచుకో. గుటక వేస్తుంటే చెవులు తెరుచుకుంటాయి.

చెన్నైలో దిగగానే ఒక మెసేజ్ పెట్టు. విశాఖ వచ్చేసరికి రాత్రవుతుంది, ఇంటికెళ్లి పొయ్యి వెలిగించకు, నేరుగా మా ఇంటికే రండి. చారు, బంగాళాదుంప వేపుడు చేసి ఉంచుతాను. తడి బట్టలేమైనా మిగిలిపోతే అవీ తెచ్చెయ్, పొద్దున్న మా మేడ మీద ఆరేద్దాం.

మీ పెద్దమ్మ