ఎప్పుడు మోగుతోందో ముందు విను

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

అరండల్‌పేటలో నీ షాపు కుదురుకుంటోందని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. సీసీటీవీ అడాప్టర్లు, సెట్‌టాప్ బాక్సుల పవర్ సప్లైలు కీచుమంటున్నాయని తెచ్చిస్తున్నారనీ, కండెన్సర్లన్నీ మార్చినా కొన్నిట్లో ఆ కూత పోవడం లేదనీ రాశావు. అన్నీ మార్చెయ్యడం రిపేరు కాదు నాన్నా. శబ్దం ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు ఆగుతోందో తేలేదాకా సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోకు.

ఈ చిన్న సప్లైలు సాధారణంగా 65 కిలోహెర్ట్జ్, 100 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచింగ్ చేస్తాయి, అంటే సెకనుకి అన్ని వేలసార్లు కరెంటుని ఆన్ ఆఫ్ చేస్తాయి. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు. మరి కూత ఎక్కణ్ణుంచి వస్తోంది? లోడు, అంటే అడాప్టరు నుంచి లాగే కరెంటు, బాగా తగ్గినప్పుడు ఆదా కోసం సప్లైని నడిపే ఐసీ ఏకధాటిగా స్విచింగ్ చెయ్యదు. కాసిని పల్సులు పంపి ఆగుతుంది, మళ్లీ పంపుతుంది. ఆ ఆగి ఆగి పంపడం సెకనుకి కొన్ని వందలసార్లో వేలసార్లో జరిగితే అది చెవికి అందే శబ్దమే. కాబట్టి లోడు లేకుండా ప్లగ్గులో పెడితే సన్నగా ఈలవేసి, లోడు తగిలించగానే నిశ్శబ్దమైపోయే అడాప్టరులో చాలావరకు చెడిందేమీ ఉండదు. కస్టమర్‌కి ఆ మాట చెప్పి పంపు. డబ్బులు తీసుకోకు.

అందుకే ముందు లోడు మార్చి వినాలి. ఆటోనగర్‌లో దొరికే 12 వోల్టుల బళ్ల బల్బులు దీనికి బాగా పనికొస్తాయి. పార్కింగ్ బల్బు 5 వాట్లు, అంటే దాదాపు 0.4 ఆంప్. ఇండికేటర్ బల్బు 21 వాట్లు, అది ఒకటిముప్పావు ఆంప్ లాగుతుంది. 2 ఆంప్‌ల అడాప్టరుకి ఇది దాదాపు ఫుల్ లోడే. అయితే చల్లగా ఉన్న ఫిలమెంటు మొదటి క్షణంలో చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. దాంతో ప్రొటెక్షన్ పనిచేసి సప్లై టిక్ టిక్‌మంటే అది నీ బల్బు మూలంగానే, అడాప్టరు తప్పు కాదు. అనుమానం వస్తే 10 ఓమ్‌ల 25 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టరు పెట్టి చూడు. ఇంకో మాట, మెయిన్స్ వైరులో వరసగా కట్టే సీరీస్ బల్బు మీద నడుస్తుండగా శబ్దం గురించి తీర్పు చెప్పకు. లోడు పెరిగితే లోపలికొచ్చే వోల్టేజి పడిపోయి, మంచి సప్లై కూడా వింతగా మోగుతుంది. సీరీస్ బల్బు షార్టు ఉందో లేదో చూసుకోవడానికే.

సెకనుకి ఒకటి రెండుసార్లు టిక్ టిక్‌మంటే అది కూత జాతి కాదు, సప్లై మొదలై ఆగిపోతోందన్నమాట. లోడు తీసెయ్. ఆగిపోతే తప్పు లోడులో ఉంది, లేదా సప్లై ఆ లోడుకి చాలడం లేదు. ఆగకపోతే, కింద చెప్పినట్టు డిశ్చార్జి చేశాక, సెకండరీ (అవుట్‌పుట్) వైపు కరెంటుని డీసీ చేసే షాట్‌కీ డయోడు ఒక కాలు లేపి మీటరుతో చూడు, షార్టయ్యుంటే దొరికిపోతుంది. అదీ బాగుంటే ఐసీకి కరెంటిచ్చే చిన్న కండెన్సరు, 10 మైక్రోఫారడో 22 మైక్రోఫారడో 50 వోల్టులది, దాన్ని పట్టుకో. 3842 రకం ఐసీ అయితే సుమారు 16 వోల్టుల దగ్గర మొదలై 10 దగ్గర ఆగిపోతుంది. ఆ కండెన్సరు ఎండిపోతే, ఐసీని నడిపే ట్రాన్స్‌ఫార్మర్ సహాయక వైండింగ్ అందుకునేలోపే వోల్టేజి పదికి జారిపోతుంది. మళ్లీ మొదలు, మళ్లీ ఆగడం. పెద్ద కండెన్సర్లన్నీ మార్చి దీన్ని వదిలేస్తే బోర్డు అలాగే టిక్కుమంటూ ఉంటుంది.

లోడు మీద కూడా కీచుమంటుంటే అప్పుడు మూత తియ్యి. 230 వోల్టులు రెక్టిఫై అయితే పెద్ద కండెన్సరు మీద 325 వోల్టులు డీసీ నిలుస్తుంది, ప్లగ్గు పీకేసినా ఉండొచ్చు. 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టరుకి ఇన్సులేటెడ్ వైర్లు కట్టి కొన్ని సెకన్లు పట్టుకుని డిశ్చార్జి చెయ్యి, తర్వాత మీటరుతో సున్నా అయిందని చూడు. స్క్రూడ్రైవరుతో షార్టు చేసి టప్పుమనిపించే అలవాటు మానుకో. ప్రైమరీ (మెయిన్స్) వైపు ఆసిలోస్కోపు గ్రౌండ్ క్లిప్ తగిలించకు. మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకపోతే ఆ పని వద్దు, వోల్టేజి పెంచి తగ్గించే వేరియాక్ దానికి బదులు కాదు.

శబ్దం ఏ పార్టుదో పట్టడానికి పొడి ప్లాస్టిక్ పుల్ల చాలు. ఒక చెయ్యి జేబులో ఉంచుకుని, పుల్ల కొసతో ఒక్కో పార్టుని మెల్లగా నొక్కు. స్వరం మారినా, తగ్గినా అక్కడే ఉంది. గట్టిగా నొక్కితే బోర్డే వంగి, పక్కదాని శబ్దం కూడా మారుతుంది, మోసపోతావు. అక్వేరియంలో గాలికి వాడే పైపు అరమీటరు ముక్క ఒక కొస చెవి దగ్గర, రెండో కొస పార్టు దగ్గర పెడితే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది.

ఎక్కువమంది ట్రాన్స్‌ఫార్మర్‌ని అనుమానిస్తారు. నేనైతే ముందు దాని ప్రైమరీ పక్కన డయోడు, రెసిస్టరుతో కలిసి ఉండే 1 కిలోవోల్టు సెరామిక్ కండెన్సరు చూస్తాను. నీలం బిళ్లలా ఉంటుంది, కొన్ని బోర్డుల్లో కాళ్లు లేకుండా బోర్డు మీదే అతికే ఎస్‌ఎండీ రకం. అందులో ఉండే పదార్థం వోల్టేజి మారినప్పుడల్లా కొంచెం సాగి ముడుచుకుంటుంది. ఆ కదలికని బోర్డు స్పీకర్ కోన్‌లా పెంచి వినిపిస్తుంది. దాని స్థానంలో అదే విలువ, అంతే వోల్టేజి ఉన్న ఫిల్మ్ కండెన్సరు వేస్తే చాలాసార్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. కాళ్లు సరిపడేలా పడుకోబెట్టి బిగించు, గాల్లో వేలాడనివ్వకు.

ట్రాన్స్‌ఫార్మరే అని తేలితే ఫెరైట్ కోర్ రెండు ముక్కలూ, వైరు చుట్టిన బాబిన్ కలిసే బయటి అంచుల్లో కొంచెం ఎపాక్సీ పెట్టు. మధ్యలో ఉన్న గ్యాప్‌లోకి గమ్ము పోనివ్వకు. హాట్ గ్లూ వేడికి మెత్తబడిపోతుంది, వద్దు. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ కూడా వద్దు, రాగిని తినేస్తుంది.

ఫుల్ లోడు మీద గరగరమంటూ, వోల్టేజి కూడా ఊగుతుంటే అవుట్‌పుట్ కండెన్సరు ఈఎస్ఆర్, అంటే దాని లోపలి రెసిస్టెన్సు, చూడు. మన వేసవిలో మూసిన డబ్బాలో ఉన్న కండెన్సరు గతి నీకు తెలిసిందే: ప్రతి 10 డిగ్రీల వేడికి దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. 105 డిగ్రీలది, తక్కువ ఈఎస్ఆర్‌ది వెయ్యి. ఏదో ఒకటి దొరికిందని మామూలుది వేస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ వస్తుంది. కరెంటు పోయి ఇన్వర్టరు మీద ఉన్నప్పుడు మాత్రమే గుయ్యిమంటే అడాప్టరు విప్పనక్కర్లేదు, స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్లతో అలాగే ఉంటుంది.

కస్టమర్ కూస్తోందంటే నీకు వినపడకపోయినా కొట్టిపారెయ్యకు. వయసు పెరిగేకొద్దీ పై స్వరాలు ముందుగా పోతాయి, పిల్లలకి వినపడేది పెద్దలకి అందదు. ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఒకటి పెట్టుకో. లోడు మారుస్తూ ఆ గీత ఎక్కడ లేస్తోందో చూపిస్తే కస్టమర్‌కి కూడా నమ్మకం కుదురుతుంది.

ప్రైమరీ సెకండరీ మధ్య సరైన ఎడం లేని, ఆ రెండిటి మధ్య ఉండే సేఫ్టీ రకం వై కండెన్సరు స్థానంలో మామూలు సెరామిక్ వేసిన చవక చార్జర్లొస్తే శబ్దం సంగతి పక్కనపెట్టి, వాడొద్దని చెప్పి తిప్పి పంపెయ్. ఆ పని పోతే పోయింది.

నువ్వు రాసిన ఆ మొండి 12 వోల్టుల అడాప్టరుకి పార్కింగ్ బల్బు, ఇండికేటర్ బల్బు రెండూ పెట్టి విను. ఏ లోడు మీద మోగిందో కాగితం మీద రాసి నాకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య