కంపోస్టు డ్రమ్ము కంపు కొడుతోందా?

పచ్చని బడి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది 80 మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాల. జూన్ చివర్లో 200 లీటర్ల పాత ప్లాస్టిక్ డ్రమ్ములో కంపోస్టు మొదలుపెట్టాం. మధ్యాహ్న భోజనంలో మిగిలినవన్నీ అందులోనే వేస్తున్నాం. మూడు వారాలు తిరక్కుండానే మురుక్కాలవ వాసన, తెల్లటి పురుగులు. పక్కింటివాళ్లు గొడవపడుతున్నారు. మానేయమంటారా?
– ఉపాధ్యాయిని, ఆరిలోవ

జవాబు: మానక్కర్లేదమ్మా. మీరు మొదలుపెట్టిన నెలే చిక్కు తెచ్చింది. వానాకాలంలో తడి చెత్తకు కొదవ ఉండదు, ఎండుటాకులే దొరకవు. ఆకు లేకపోతే అన్నం, సాంబారు, తొక్కలు ముద్దకట్టి గాలి ఆడదు. గాలి లేనిచోట కుళ్లితే వచ్చేది ఆ మురుగు వాసనే. డ్రమ్ము తెరవగానే ముక్కులు మండే ఘాటు, మూత్రం వాసన వస్తుంటే అది కూడా తడి ఎక్కువై, ఆకు తక్కువైనందుకే. రెండింటికీ మందు ఒకటే.

సెలవు రోజు చూసుకుని డ్రమ్మును టార్పాలిన్ మీద బోర్లించండి. ఈ పని పెద్దవాళ్లదే, పిల్లలది కాదు. ముద్దలు చిదిపి, బకెట్టు తడి చెత్తకు రెండు బకెట్ల ఎండుటాకులు కలపండి. ఆకులు దొరక్కపోతే కొబ్బరి పీచు, రంపపు పొట్టు, చింపిన అట్టముక్కలు. బాదం ఆకు మాత్రం ఉన్నదున్నట్టు వేయకండి. దళసరిగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఒకదాని మీద ఒకటి పరుచుకుని తడిని కింద బంధించేస్తుంది. గోనెసంచిలో పోసి మూతి కట్టి పిల్లల్ని తొక్కమంటే సరి, ఆ పని వాళ్లు అడిగి మరీ చేస్తారు.

డ్రమ్ముకు చుట్టూ నాలుగంగుళాలకొకటి చొప్పున, చిటికెనవేలు పట్టేంత కన్నాలు ఉండాలి. అడుగున ఓ ఎనిమిది. నేల మీద పెట్టకుండా నాలుగు ఇటుకల మీద నిలబెట్టండి. అడుగున అరడుగు మందాన కొబ్బరి డొక్కలు, పుల్లలు వేసి, ఆ పైన కలిపిన చెత్త పోయండి. గంపెడు పాత ఎరువో, నాలుగు గ్లాసుల పుల్లమజ్జిగో చల్లితే పని త్వరగా అందుకుంటుంది. పైన ఎప్పుడూ రెండంగుళాల ఎండుటాకు కప్పి ఉండాలి. దాని మీద దోమతెర గుడ్డ కట్టి మూత పెట్టండి.

పనిచేస్తోందో లేదో తెలియాలంటే ఓ ఇనప చువ్వ చాలు. నాలుగోరోజు దాన్ని డ్రమ్ము నడిమధ్యకు దింపి, పది నిమిషాలాగి లాగండి. ముందు మీరు ముట్టుకుని చూసి, తర్వాత పిల్లలకివ్వండి. కాఫీ గ్లాసులా వెచ్చగా తగిలితే లోపల సూక్ష్మజీవులు పనిలో ఉన్నట్టు. చల్లగా ఉంటే గుప్పెడు తీసి పిండండి: నీళ్లు ధారకడితే ఆకు చాలలేదు, ఒకటి రెండు చుక్కలు రాలితే సరిపోయింది, పొడిగా రాలిపోయి చీమలు కనిపిస్తే నీళ్లు చిలకరించాలి. ఈ చువ్వ పరీక్ష నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు అప్పగించి, తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయించండి.

పురుగుల సంగతి. లావుగా, చారలు చారలుగా, పెరిగే కొద్దీ గోధుమరంగుకు తిరిగేవైతే బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే నల్ల ఈగ పిల్లలు. అవి కుట్టవు, చెత్తను గబగబా తినేస్తాయి. సన్నగా తెల్లగా ఉండేవి మామూలు ఈగవి, పైన ఆకు కప్పకపోతే అవే వస్తాయి.

ఇంకోటి, అసలు సంగతి. ప్రాథమిక తరగతుల పిల్లాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అన్నది మధ్యాహ్న భోజనం లెక్క. అంటే మీ బడిలో రోజుకు 4 కిలోల కూరగాయలు. తొక్కలు, తొడిమలు కలిపినా కిలో దాటడం కష్టం. మరి డ్రమ్ము మూడు వారాల్లోనే ఇలా ముద్దకట్టి కుళ్లిందంటే అందులో ఎక్కువ పడుతున్నది వదిలేసిన అన్నమే. వారం రోజులు పిల్లల చేత ఆ అన్నాన్ని తూకం వేయించి, ఏ రోజు ఏ కూర ఉందో పక్కన రాయించండి. వడ్డించే ఆయమ్మకు ఆ కాగితం చూపిస్తే మొదటిసారి తక్కువ పెట్టి, అడిగితే మారు వడ్డించడం మొదలవుతుంది. డ్రమ్ము సగం బాధ అక్కడే తీరుతుంది. సాంబారు, రసం మాత్రం జల్లెడలో వడకట్టాకే వేయండి, ఉప్పు నీళ్లు ఎరువుకు మంచివి కావు. కోడిగుడ్ల పెంకులు ఎండబెట్టి నలిపి వేస్తే సరే, లేకపోతే ఏడాదికీ పెంకులుగానే ఉంటాయి.

ఒక డ్రమ్ము నిండాక దాన్ని కదపకుండా రెండు మూడు నెలలు వదిలేసి రెండోది మొదలుపెట్టాలి. కాబట్టి డ్రమ్ములు రెండుండాలి. సంక్రాంతి సెలవుల తర్వాత బాదం, వేప ఆకు రాలినప్పుడు ఊడ్చి కాల్చేయకుండా పది పన్నెండు గోనెసంచులు నింపి, వాన తగలని చోట దాచండి. వచ్చే జులైకి అదే మీ మందు.

ప్రశ్న: మా బడిలో కుళాయిలు కారుతూనే ఉంటాయి. పిల్లలకు నీటి పొదుపు గురించి చెబుతూ, ఇటు నీళ్లు పోతుంటే సిగ్గుగా ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
– ప్రధానోపాధ్యాయుడు, గాజువాక

జవాబు: ఉపన్యాసంతో కాకుండా లీటరు సీసాతో మొదలుపెట్టండి. కారుతున్న ప్రతి కుళాయి కింద ఒక్కో సీసా పెట్టి, నిండడానికి ఎంతసేపు పట్టిందో పిల్లల్ని రాయమనండి. గంటకు లీటరు అంటే రోజుకు 24 లీటర్లు, నెలకు 720. అయిదో తరగతి గుణకారం అక్కడే అయిపోతుంది. తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ జలాశయాల నుంచి పైపుల్లో విశాఖకు వచ్చే నీళ్లవి అని మ్యాపులో చూపిస్తే 720 అన్న అంకెకు విలువ తెలుస్తుంది.

మరమ్మతు చిన్నదే. మర తిప్పే కుళాయి ముక్కు నుంచి కారితే లోపలి రబ్బరు వాషరు అరిగినట్టు. పిడి దగ్గర ఊరితే గ్లాండు (పిడి కింద బిగించే నట్టు) వదులైనట్టు, టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే ఆగుతుంది. నీళ్లు కారకూడదని పిల్లలు బలంగా తిప్పేస్తారు, దాంతో వాషరు ఇంకా త్వరగా చితుకుతుంది. ‘ఆగేవరకే తిప్పు, ఆ పైన వద్దు’ అని కుళాయి పక్కనే రాసిపెట్టండి. మరమ్మతు తర్వాత మళ్లీ అదే సీసా పెట్టడం మరచిపోవద్దు. పిల్లలు చూడాల్సింది ఆ ఖాళీ సీసానే.

ప్రశ్న: ఏటా ఆగస్టు 15న 30 మొక్కలు నాటుతున్నాం. ఫొటోలు మిగులుతున్నాయి గానీ మొక్కలు మిగలడం లేదు.
– విద్యా కమిటీ సభ్యుడు, పెందుర్తి

జవాబు: ఎన్ని నాటాలో వేసవి నీళ్లు చెబుతాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఒక్కో మొక్కకు వారానికి రెండుసార్లు, సారికి 10 లీటర్లు కావాలి. 30 మొక్కలంటే వారానికి 600 లీటర్లు. ఏప్రిల్ చివర్లో బడి మూసేశాక జూన్ 12 దాకా ఎవరు మోస్తారు? బడి పక్కనే ఉండే ఒక్కరు ఒప్పుకుంటే ఆరు మొక్కలు నాటండి, ఆరూ బతుకుతాయి.

గొయ్యి రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. పైమట్టి, అడుగుమట్టి విడివిడిగా తీసి, పైమట్టిలో గంపెడు మాగిన ఎరువు కలిపి ముందు అదే వేయండి. నల్లకవరు చింపకుండానే పాతేయడం మనవాళ్లు చేసే పెద్ద తప్పు, హడావుడిలో అది ఎవరికీ కనపడదు. కవరు తీశాక వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ చుట్టను బ్లేడుతో కోసేయాలి, లేకపోతే ఆ వేరే పెరిగాక మొదలును బిగించేస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో ఎన్ని చెట్లు కూలాయో మీకు తెలుసు. త్వరగా పెరుగుతుందని పెళుసు కొమ్మల చెట్టు పెడితే తుపాను గాలికి గోడ మీదో, తరగతి గది మీదో పడుతుంది. పొగడ, పొన్న, కానుగ, వేప, నేరేడు నిదానంగా పెరిగినా నిలబడతాయి. గోడకు కనీసం 15 అడుగుల దూరం ఉంచండి. ఊతకర్రకు తాడుతో కాక పాత చీరముక్కతో, ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. కాండం కాస్త ఊగితేనే గట్టిపడుతుంది.

మొక్కకు పిల్లల పేర్లు పెట్టడం బాగానే ఉంటుంది గానీ, చనిపోతే ఏడుస్తారు. తరగతి పేరు పెట్టండి. నెలకోసారి దారంతో ఎత్తు, మొదలు చుట్టుకొలత తీసి, దారాన్ని అట్ట మీద అంటించండి.

ప్రశ్న: మూడో తరగతి పిల్లల్ని ఆర్‌కే బీచ్ శుభ్రం చేయడానికి తీసుకెళ్లొచ్చా?
– ఒక తల్లి, మధురవాడ

జవాబు: ఎనిమిదేళ్ల పిల్లల చేత ఏరించడం మాకు నచ్చదు. ఇసుకలో గాజుముక్కలు, సూదులు, గాలాలు ఉంటాయి, విశాఖ కెరటాలనూ నమ్మలేం. తీసుకెళ్లాలంటే ఉదయం ఏడులోపు, అయిదుగురికి ఒక పెద్ద మనిషి చొప్పున, నీటికి దూరంగా, పొడి ఇసుక మీదే. పెద్దవాళ్లు చిమటాతో ఏరి దుప్పటి మీద కుప్ప పోస్తే, పిల్లలు గ్లవుజులతో కవర్లు, సీసామూతలు, వలముక్కలు వేరుచేసి లెక్కపెడతారు. సముద్రం తెచ్చిందెంత, మనం పారేసిందెంత అన్నది ఆ లెక్కలోనే తేలుతుంది. చలికాలం చివర, జనవరి నుంచి మార్చి మధ్య ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులు. గుంట కనిపిస్తే తవ్వకుండా, చుట్టూ జనాన్ని పోగుచేయకుండా అటవీశాఖకు చెప్పండి.

ప్రశ్న: వేసవి సెలవుల్లో మా తోటకూర మడి ఎండిపోతోంది. కాపాడే మార్గం?
– ఉపాధ్యాయుడు, భీమిలి

జవాబు: కాపాడకండి. తోటకూర నాలుగు వారాల పంట. మార్చి మొదటివారంలో ఆఖరి విత్తనం వేసి, ఏప్రిల్ మొదట్లో వంటకు కోసి, మడి ఖాళీ చేసి ఎండుటాకు కప్పి వెళ్లిపోండి. మునగ, కరివేపాకు ఉంటే మొదళ్ల చుట్టూ కొబ్బరి డొక్కలు తిరగేసి పరవండి.

నాలుగడుగులకు పదడుగుల మడికి ఒక చిన్న చెంచా విత్తనం చాలు. పిడికెడు చల్లితే ఒత్తుగా మొలిచి, గాలి లేక మొదళ్లు కుళ్లి పడిపోతాయి. చెంచా విత్తనానికి పది చెంచాల సన్న ఇసుక కలిపి చల్లమంటే చిన్న చేతులు కూడా సమంగా చల్లుతాయి. పైన జల్లించిన ఎరువు పలచగా కప్పి, నీళ్లు బకెట్టుతో కుమ్మరించకుండా, మూతకు కన్నాలు పెట్టిన సీసాతో పోయించండి. మొలకెత్తేవరకు చీమలు విత్తనాలు మోసుకుపోతాయి. మడి చుట్టూ బూడిద గీత గీసి, వాన పడిన మర్నాడు మళ్లీ గీయించండి.