పళ్లకు క్లిప్పులతో అమెరికా చదువుకు వస్తున్నారా?

అమ్మా, విజయవాడలో పళ్లకు క్లిప్పులు వేయించుకొని, మధ్యలోనే ఎం.ఎస్. చదువుకు డాలస్ వస్తున్నానని, ఇక్కడ పళ్లను, చిగుళ్లను ఎలా కాపాడుకోవాలని అడిగారు. ముందుగా డబ్బు సంగతి చెబుతాను, ఎందుకంటే మీ వయసువారు ఆ లెక్క వేసుకోకుండానే విమానం ఎక్కుతారు. ఇక్కడి విద్యార్థుల ఆరోగ్య బీమాలో చాలా చోట్ల దంతవైద్యం ఉండదు, విడిగా కొనుక్కోవాలి. ఆ విడి బీమాలు కూడా ఏడాదికి రెండుసార్లు పళ్లు శుభ్రం చేయించుకోవడానికి మామూలుగా ఒప్పుకుంటాయి గాని, పెద్దవారి క్లిప్పులకు చాలావరకు డబ్బు ఇవ్వవు. మీ విశ్వవిద్యాలయం బీమా పత్రంలో ఈ వివరాలన్నీ ఉంటాయి, చదువుకోండి.

నేను కూడా గుంటూరులో వేయించుకున్న క్లిప్పులతోనే ఈ దేశానికి వచ్చాను. ఊళ్లో ఉన్నప్పుడు తీగ బిగించడానికి వెళ్లిన ప్రతిసారీ డాక్టరుగారే పాచి తీసి, ఎక్కడ సరిగా తోమడం లేదో అద్దంలో చూపించి మందలించేవారు. ఇక్కడ ఆ మందలింపు లేదు. పొద్దున తరగతికి వెళ్లే తొందరలో ఒకసారి తోముకోవడం, రాత్రి పని నుంచి వచ్చి అన్నం తిని అలాగే పడుకోవడం అలవాటైంది. బ్రష్షు బ్రాకెట్ల (తీగను పట్టి ఉంచడానికి పళ్లకు అంటించే చిన్న బిళ్లల) మీదుగా జారిపోయేది, బ్రాకెట్టుకూ చిగురుకూ మధ్యనుండే సన్నని చోటు మాత్రం ఎప్పుడూ మిగిలిపోయేది. పాచి పేరుకునేది సరిగ్గా అక్కడే. కొద్ది వారాలలో చిగుళ్లు ఉబ్బి రక్తం రాసాగింది. రక్తం వస్తోందని భయపడి ఆ చోట తోమడమే మానేశాను. నిజానికి పాచి వల్ల వాచిన చిగుళ్లను మెత్తని బ్రష్షుతో మరింత శ్రద్ధగా తోమితేనే వాపు తగ్గుతుంది. పాచి గట్టిపడి గార కట్టిందంటే ఇక ఇంట్లో ఏ బ్రష్షుకూ ఊడిరాదు. చివరికి డాక్టరు దగ్గరకు వెళితే, చిగుళ్ల లోపలి దాకా గార తీయాలన్నారు. నోటిని నాలుగు భాగాలుగా లెక్కగట్టి ఒక్కో భాగానికి విడిగా రుసుము వేశారు. ఆ మొత్తం నా నెల అద్దెను దాటింది. పాచిలోని ఆమ్లం పంటి పైనుండే గట్టి పొరను, అంటే ఎనామిల్‌ను, కరిగించడం వల్ల రెండు పళ్ల మీద ఏర్పడిన తెల్లని మచ్చలు నేటికీ ఉన్నాయి.

ఆ తరువాత క్లిప్పులు తీసేంతవరకు నేను పాటించిన పద్ధతి ఇది, దీనితో మళ్లీ అటువంటి బిల్లు రాలేదు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, మెత్తని బ్రష్షు తీసుకోండి. ముందు బ్రష్షును చిగురు వైపు ఏటవాలుగా పట్టి బ్రాకెట్టుకు పైన, తరువాత అదే విధంగా కింద, ఆపైన నమిలే భాగం, లోపలి వైపు తోమండి. తీగ కింద, బ్రాకెట్టు పక్కన ఉండే చోటుకు మామూలు బ్రష్షు అందదు. పళ్ల సందులకు వాడే చిన్న బ్రష్షులు ఏ మందుల దుకాణంలోనైనా కొద్ది డాలర్లకే దొరుకుతాయి. రాత్రిపూట పళ్ల సందులు శుభ్రం చేసే ఫ్లాస్ దారాన్ని తీగ కిందుగా దూర్చడానికి ప్లాస్టిక్ సూది వంటిది అమ్ముతారు, అది వాడండి. నీటి ధారతో శుభ్రం చేసే యంత్రం మంచిదే గాని, అది కొన్నాము కదా అని బ్రష్షు మానకూడదు. ఏది తిన్నా నోరు పుక్కిలించే మన ఇంటి అలవాటును ఇక్కడ సిగ్గుపడి వదులుకోకండి, తరగతుల మధ్య తోముకునే వీలు లేనప్పుడు అదే ఆదుకుంటుంది.

అమ్మ పంపిన పల్లీచిక్కి, జంతికలు క్లిప్పులున్నంతకాలం ముట్టకండి. బ్రాకెట్టు ఊడితే మళ్లీ అంటించడానికి రుసుము అడుగుతారు, ఊడిన చోట తిండి ఇరుక్కుంటుంది. రోజంతా గుక్క గుక్కగా తాగే తీపి టీ కూడా పళ్లకు చేటే. కూరల్లోని పసుపు వల్ల బ్రాకెట్ల చుట్టూ ఉండే రబ్బరు చుట్లు పచ్చబడితే అది మురికి కాదు, గట్టిగా రుద్దనక్కరలేదు; తీగ బిగించేటప్పుడు కొత్తవి వేస్తారు.

ఖర్చుకు వెరచి శుభ్రం చేయించుకోవడం వాయిదా వేయకండి. దంతవైద్య కళాశాలల్లో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో తక్కువ రుసుముకు చికిత్స చేస్తారు. డాలస్‌లోనే టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వారి దంతవైద్య కళాశాల ఉంది. సమయం ఎక్కువ పడుతుంది, ఓపిక పట్టాలి. ఇక తీగ బిగించడానికి కొత్త డాక్టరు మిగిలిన చికిత్సకు మళ్లీ రుసుము తీసుకుంటారు, వేరొకరు మొదలుపెట్టిన కేసును కొందరు తీసుకోనే తీసుకోరు. కాబట్టి బయలుదేరే ముందే విజయవాడ డాక్టరుగారి దగ్గర ఎక్స్‌రేలు, పళ్ల అచ్చులు, ఫోటోలు, ఇంతవరకు చేసినది, ఇంకా చేయవలసినది రాసిన కాగితం అడిగి తీసుకోండి. అక్కడ కట్టిన డబ్బులో చేయని పనికి ఎంత వెనక్కి ఇస్తారో కూడా అప్పుడే మాట్లాడుకోండి.