పడవ చాటున ఫ్లాష్ ఎందుకు వెలగదు?

ప్రశ్న: విశాఖపట్నం చేపల రేవులో తెల్లవారకముందు పడవల నుంచి చేపలు దించే దృశ్యాలను ఫొటోలు తీస్తుంటాను. ఫ్లాష్‌ను కెమెరాకు దూరంగా పెట్టాలని వైర్‌లెస్ ట్రిగ్గర్ కొన్నాను. ఇంట్లో ఏ మూల పెట్టినా ఫ్లాష్ వెలుగుతుంది కానీ, రేవులో పడవ చాటున పెడితే వెలగదు. వెలిగినప్పుడు ఫొటో అడుగున నల్లటి పట్టీ వస్తోంది, వెనకనున్న రేవు దీపాలు చీకట్లో కలిసిపోతున్నాయి. షట్టర్ వేగం 1/320 సెకను పెడుతున్నాను. ట్రిగ్గర్ మార్చాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మార్చడమే మంచిది, అయితే నల్లపట్టీకి కారణం ట్రిగ్గర్ కాదు, షట్టర్ వేగం. కెమెరా షట్టర్‌లో రెండు తెరలు ఒకదాని వెంట ఒకటి కదులుతాయి. మొదటిది పూర్తిగా తెరుచుకుని, రెండవది ఇంకా కదలని క్షణంలో ఫ్లాష్ మెరిస్తేనే ఫొటో అంతటా వెలుగు పడుతుంది. చాలా కెమెరాలలో వేగం 1/200 లేదా 1/250 సెకనును దాటితే అటువంటి క్షణమే ఉండదు. మొదటి తెర చివరకు చేరకముందే రెండవది బయలుదేరి సెన్సర్‌లో కొంత భాగాన్ని కప్పేస్తుంది, ఆ కప్పిన భాగమే మీకు పట్టీగా కనిపిస్తోంది.

గంపలతో నడిచేవారు మసకబారతారన్న భయంతో మీరు అంత వేగం పెట్టి ఉంటారు. చీకట్లో ఆ భయం అక్కరలేదు: నాలుగోవంతు శక్తితో మెరిసే ఫ్లాష్ వెలుగు సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు కనుక కదలికను అదే నిలిపేస్తుంది. షట్టర్‌ను 1/60కి తగ్గించి చూడండి. మనిషి మీద పడే ఫ్లాష్ వెలుగు మారదు, వెనక దీపాల వెలుగు మాత్రం ఐదు రెట్లకు పైగా పెరుగుతుంది, పట్టీ కూడా పోతుంది. దీపాల వల్ల అంచుల్లో నీడలాంటి చారలు పడితే 1/125 వరకు వెళ్లవచ్చు.

ఇక ట్రిగ్గర్ సంగతి. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి అది కాంతితో సంకేతం పంపే రకం. ఇంట్లో ఆ కాంతి గోడలకు తగిలి మూలమూలకూ చేరుతుంది, ఆరుబయట దాన్ని తిప్పి పంపే గోడ లేదు. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో ట్రిగ్గర్‌కు ఎదురెదురుగా ఉండవలసిన అవసరం లేదు, కానీ ఇనుము దానికీ అడ్డమే కాబట్టి ఫ్లాష్‌ను ఇనుప కేబిన్ వెనక దాచకుండా స్టాండు మీద ఎత్తుగా నిలపండి. తడి చెక్క మీద నడిచేవారి కళ్లలోకి మాత్రం తిప్పవద్దు.

వెలుగును తనంతట తానే కొలుచుకునే ఖరీదైన ట్రిగ్గర్ ఈ పనికి అనవసరమని నా అభిప్రాయం. శక్తిని మీరే నిర్ణయించుకోవచ్చు, రెండు మీటర్ల నుంచి నాలుగు మీటర్లకు జరిపితే వెలుగు నాలుగోవంతుకు పడిపోతుందని గుర్తుంచుకుంటే చాలు. ఉప్పుగాలికి సెల్స్ తగిలే రేకులు తుప్పుపడితే ఏ ట్రిగ్గరైనా మొరాయిస్తుంది కనుక, ఇంటికి రాగానే సెల్స్ తీసి ఆ రేకులను పొడిగుడ్డతో తుడవండి.